మొదటి కారణం

ఇద్దరి పేర్లూ రాయను. ఒకాయన మూడొందల యాభై ఏళ్ళ కిందట రోములో పోపుగా వెలిగినవాడు. రెండో ఆయన మా కాలేజీలో ఆ పోపు పాఠం చెప్పి చెప్పి, ఎనభై దాటాక మొన్న మాఘమాసంలో పోయినవాడు. ఇద్దరి పేర్లూ ఉండవలసినదానికంటే ఎక్కువ రాళ్ళమీదే చెక్కి ఉన్నాయి. మళ్ళీ నా కాగితం మీద కూడా ఎందుకు?

పోయిన ఆదివారం ఆ రెండో ఆయన మేనల్లుడు శృంగవరపుకోటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అతనూ రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను. కాలేజీ వాళ్ళు సంస్మరణ సంచిక వేస్తున్నారట. పాత శిష్యుడిగా రెండు పుటలు రాసిమ్మన్నాడు. "మావయ్య గురించి నీకు తెలిసినట్టు ఇంకెవులికీ తెలీదన్నా" అన్నాడు. అది నిజమే. చావుకబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ ప్రకారం నేను ఒక్క పుట రాయగలను, అది కూడా ఆయన పాఠం చెప్పే తీరు గురించి.

పాఠం మాత్రం అలా చెప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు. మాది బొబ్బిలి దగ్గర ఒక చిన్న టౌను. కాలేజీ అంటే ఆరు గదులు, ముందొక పొడుగాటి వరండా, ఎదురుగా ధాన్యం బళ్ళు పోయే రోడ్డు. కిటికీలోంచి దుమ్ము, లోపల హిస్టరీ. ఇంగ్లీషులో డిక్టేషను, తెలుగులో తిట్లు. ఆయన క్లాసు అలా ఉండేది. డిక్టేషన్ మాకు సగమే అర్థమయ్యేది కానీ తిట్లు పూర్తిగా అర్థమయ్యేవి. పరీక్షల్లో మేం రాసింది ఆ తిట్లనే, కాస్త ఇంగ్లీషు చేసి.

తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజం మీద ఉత్తరీయం. ఉత్తరీయానికి ఒక కొస తెలుపు, రెండో కొస పొడుం రంగు. ఆయన కుర్చీలో కూర్చునేవాడు కాదు. బల్ల అంచుకి ఆనుకుని, రొంటిలోంచి వెండి పొడుం డబ్బా తీసి, మూతమీద వేలితో రెండు దెబ్బలు కొట్టి, చిటికెడు పొడుం పట్టి, ఆ చెయ్యి అలాగే గాలిలో ఆపేసేవాడు. పాఠం మొదలయ్యేది. పోపు చేసిన ఒక దుర్మార్గం చెప్పడం పూర్తయ్యేదాకా ఆ చిటికెడు ముక్కుదాకా వెళ్ళేది కాదు. పూర్తవగానే ఒక్క పీల్పు. తర్వాత కళ్ళనీళ్ళు, ఒక తుమ్ము. ఉత్తరీయం కొసతో ముక్కు తుడుచుకుని "రోత! రోతర్రా!" అనేవాడు. ఆ రోత పోపు గురించో పొడుం గురించో మాకు మొదటి ఏడాది చాలాకాలం తెలీలేదు.

ముందు బెంచీ నాది. ఆయన తుమ్మిన తుంపర్లు నా నోట్సు మీదే పడేవి. పుటలు తిప్పడానికి వేలు నాలిక మీద పెట్టుకునేవాడు. అదే వేలు, పొడుం వేలు. కాలేజీ లైబ్రరీలో యూరపు చరిత్ర పుస్తకాలన్నిటికీ కుడిచేతి వైపు కింది మూల గోధుమరంగు మచ్చ ఉండేది. ఆ మచ్చ ఉన్న పుస్తకం ఆయన చదివిందని అర్థం. నేను వాటినే ఏరుకుని చదివేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది కానీ అప్పుడు అదొక గొప్పగా ఉండేది.

పోపు అనగానే వెనక బెంచీలో ఎవడో ఆవాలు చిటపటలాడినట్టు నోటితో చప్పుడు చేసేవాడు. ఆయన పట్టించుకునేవాడు కాదు. "ఈ మహానుభావుడికి పొడుమంటే పడదర్రా" అని మొదలుపెట్టేవాడు. "స్పెయిన్లో ఒక ఊరి గుళ్ళల్లో పొడుం పీల్చినోణ్ణి మతంలోంచే ఎలివెయ్యమన్నాడు. నేనైతే గుమ్మం దగ్గరే పోదును. మరాయన సేసిన పన్లేటి? పూర్వకాలం నాటి పెద్ద గుడి ముఖమండపంలో కంచు దూలాలుంటే ఊడబీకించీసినాడు. ఎందుకేటి? ఫిరంగులు పోయించడానికి. ఇంటి గుర్తు మూడు తేనెటీగలు. గోడమీద ఈగ, స్తంభంమీద ఈగ, నీళ్ళ గట్టుమీద ఈగ. దాహమేసినోడు గుక్కెడు నీళ్ళు తాగాలంటే ముందు ఆయన ఈగని సూడాల. రోత!"

ఒక పీల్పు.

"భూమి తిరుగుతాదని రాసిన ముసలాయన ఈయనకి పాత స్నేహితుడు. ఎదురూబొదురూ కూకుని కబుర్లు సెప్పుకున్నోళ్ళు. ఆఖరికి ఆ ముసలాయన్ని మోకాళ్ళ మీద కూకోబెట్టి, తిరగదు బాబో అని సెప్పించారు. తోటలో పిట్టలు గోల సేస్తన్నాయని పిట్టల్ని సంపించీసినాడంటారు."

ఇంకో పీల్పు. ఇక్కడ ఆయన గొంతు తగ్గేది. అసలు దుర్మార్గం ఇప్పుడే వస్తుంది.

"ఒరే, మనకాడ మేనల్లుడొచ్చి గుమ్మంలో నిలబడితే ఏటి సేస్తాం? పిల్లనిస్తాం. పోపుకి పెళ్ళి లేదు, పిల్ల లేదు. మేనల్లుళ్ళేమో గుమ్మంలో ఉన్నారు. ఏటిస్తాడు పాపం? పదవులిచ్చాడు. ఒకడికి కార్డినలు ఎర్రటోపీ. రెండోవోడికి ఎర్రటోపీ. మూడోవోడికి సైన్యం. ఆ సైన్యంతో పక్కనున్న సిన్న జమీమీద యుద్ధానికెల్లి, సావుదెబ్బ తిని వొచ్చారు. ఖర్చెవుడిది? రొట్టె తినీవోడిది. పన్ను మీద పన్ను. ఈ పతనానికి నాలుగు కారణాలు రాసుకోండి. మొదటి కారణం మేనల్లుళ్ళు. మిగతా మూడూ రాయకపోయినా ఊరుకుంటాను, మొదటిది రాయకపోతే మాత్రం సున్నా సుడతాను."

చివరి రోజున పోపు చనిపోయేవాడు. ఆ రోజు ఇతర గ్రూపుల వాళ్ళు కూడా వచ్చి గోడలకి ఆనుకుని నిలబడేవారు. పోపు పోయిన వార్త వినగానే జనం ఆయన విగ్రహం మీదకి వెళ్ళి పగలగొట్టారని చెబుతూ ఆయన డస్టరు తీసుకుని బల్లమీద ఠప్పుమని కొట్టేవాడు. సుద్దపొడి లేచేది. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన చెయ్యెత్తి ఆపేవాడు.

"ఆగండి. ఇరవై ఏళ్ళు మొహంమీద ఒక్కడూ అన్లేదర్రా. దండాలెట్టారు, దీవెనలు పట్టారు. పీనుగ లేచీలోపల సుత్తులొచ్చీసినాయి. ఇప్పుడు సెప్పండి. ఎవుడెక్కువ రోత? ఆడా? ఈళ్ళా?"

ఆయన మా మొహాలన్నీ ఒకసారి చూసి, డబ్బా మూత టక్కున వేసి వెళ్ళిపోయేవాడు. మూడేళ్ళు విన్నాను ఆ పాఠం. నా క్లాసు కాని రోజు కూడా వెళ్ళి విన్నాను. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం ఆయనా చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మంచి పుట ఇక్కడితో అయిపోయింది.

వాల్తేరులో ఎమ్మే ముగించుకుని ఇంటికొచ్చిన ఎండాకాలంలో నాకు నౌపడ రైలుస్టేషన్లో గుమాస్తా ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. మా నాయిన వరి, గోగు పండించే రైతు. ఆర్డరు కాగితాన్ని తడిచేత్తో ముట్టుకోనని, చేతులు పంచెకి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. నేను దాన్ని పట్టుకుని మాస్టారి ఆశీర్వాదానికి వెళ్ళాను. అదే నా బుద్ధితక్కువ.

ఆయన కాగితం చదివి నా ఒళ్ళో పడేశాడు. "నౌపడా? ఉప్పు మూటలకి రసీదులు రాస్తావేటి? ఒరే, నేను ఆ ఉప్పుమళ్ళ పక్కన పుట్టినోణ్ణి. ఆ గాలికి ఇనుమే పెచ్చులూడిపోతాది, నువ్వెంత? తెలుగు మీడియం వొస్తన్నాది. హిస్టరీకి ట్యూటరు పోస్టు అడిగినాను. అది వొచ్చిందంటే ఆ కుర్చీ నీది. ఈలోగా నా నోట్సంతా తెలుగు సెయ్యి."

"అంటే ఈ ఉద్యోగం వదిలెయ్యమంటారా మాస్టారూ?"

"పోపు పాఠం సెప్పగలిగినోడు ఈ జిల్లా మొత్తంమీద నా తరవాత నువ్వే. నీ ఇష్టం."

ఇంటికొచ్చి నాయినతో చెప్పాను. ఆయన గోగు కట్ట విప్పుతూ విన్నాడు. "సేతికొచ్చిన రైలుద్యోగం వొదిలీమంటన్నావు. ఆ మాస్టారు మాటమీద నిలబడతాడా?" అన్నాడు. "నిలబడతాడు నాయినా" అన్నాను. మూడేళ్ళు ఆ పాఠం విన్నవాణ్ణి కదా, అంత ధీమా ఉండేది.

ఏడాదిపాటు రోజూ మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో చాప. ఆయన పడక్కుర్చీలో వాలి ఇంగ్లీషు నోట్సు చదివేవాడు, నేను తెలుగులో రాసేవాణ్ణి. ఏ మాటకి ఏ మాట పెట్టాలో ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. పోపు పదవులిచ్చినవాళ్ళు నిజానికి సోదరుడి కొడుకులు. ఆ సంగతి నేనే పట్టుకున్నాను. "అన్నదమ్ముల కొడుకులంటే మేనల్లుళ్ళు కారు కదా మాస్టారూ, ఏమని రాయమంటారు?" అని అడిగాను. ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "మేనల్లుడనే రాయి. అన్న కొడుకంటే మనోళ్ళకి గట్టు తగువు గుర్తొస్తాది. మేనల్లుడంటే ఇయ్యడం గుర్తొస్తాది." రాశాను. రెండు వందల పేజీల నోటుబుక్కు, నా గుండ్రటి దస్తూరీ, ప్రతి పుటా మూల ఆయన గోధుమరంగు మచ్చ.

ఆ ఏడాదే పాత ప్రిన్సిపాలు రిటైరయి ఆయన ఇన్‌ఛార్జి అయ్యాడు. రెండు నెలల్లో సైకిల్ స్టాండు లేచింది. నాలుగు వెదురు రాటలు, పైన తాటాకు. పక్కన మాత్రం ఇటుకతో ఒక దిమ్మ కట్టి పాలరాయి బిగించారు. దాని మీద కమిటీ ప్రెసిడెంటుగారి పేరు చిన్నగా, ఆయన పేరు పెద్దగా. నేను నవ్వుతాలకి "ఇదేటి మాస్టారూ, తేనెటీగ లేదా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. పొడుం పీల్చి "కమిటీవోళ్ళు ఊరుకోలేదురా" అన్నాడు. తర్వాత తాగేనీళ్ళ కుండల గట్టుకి ఒక రాయి వచ్చింది. జెండా దిమ్మకి ఒకటి వచ్చింది. దాహమేసి గట్టు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నాకు ఆయన పాఠమే వినిపించేది. అయినా నీళ్ళు తాగేవాణ్ణి. వెళ్ళి నోట్సు రాసేవాణ్ణి. కుర్చీ నాది కదా.

వర్షాకాలం ముగిసేసరికి ఆయన అప్ప నౌపడ నుంచి వచ్చి వాళ్ళింట్లో మకాం పెట్టింది. నల్లగా, ఎముకల గూడులా ఉండేది. మా వైపు ముసలమ్మలకి అలవాటైనట్టే అడ్డపొగ తాగేది, చుట్టకి నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. పొగ మూతిలోంచి కాక మాటలోంచి వచ్చినట్టుండేది. నేను చాపమీద రాసుకుంటూ ఉండగానే, నన్ను మనిషిగా లెక్కచెయ్యకుండా, ఆవిడ తమ్ముడితో మాట్లాడింది.

"ఒరే తమ్ముడా, నీ గుంటని నా గుంటడికి ఇస్తానన్నావు. ఎప్పుడన్నావు? దానికి బొడ్డు కోసినప్పుడన్నావు. కాదంటావేటి?"

"ఎవులు కాదన్నారే అప్పా? ఆడికి ముందు ఉద్యోగమనేదుండాల కదేటి."

"అద్గదీ. ఉద్యోగం లేనోడికి పిల్లనియ్యనేవు. పిల్లనిస్తానన్నోడివి నువ్వు. మరా ఉద్యోగం ఎవులియ్యాల? ఊళ్ళోవోళ్ళా?"

ఆయన డబ్బా తీసి, రెండు దెబ్బలు కొట్టి, చిటికెడు పట్టి చెయ్యి గాలిలో ఆపాడు. నేను ఆ చెయ్యి వంకే చూస్తున్నాను. ఈసారి "రోత" అంటాడని చూశాను. పీల్చాడు. తుమ్మాడు. "ఎంతవరకు వొచ్చినాం రా?" అని నన్నడిగాడు.

"యుద్ధం దగ్గరున్నాం మాస్టారూ" అన్నాను.

నాకు ఆ రోజే తెలిసిపోయింది. తెలిసీ మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. నోట్సు పూర్తిచేశాను. నన్ను నేను సమాధానపరచుకోవడానికి ఒక కారణం దొరికేది: ఇంటర్వ్యూ ఉంటుంది, వాల్తేరు నుంచి ఒక ప్రొఫెసరు వస్తారు, ఆయన ముందు అన్యాయం చెయ్యలేరు.

ఇంటర్వ్యూకి ఇద్దరమే. నేనూ, ఆ మేనల్లుడూ. ప్రిన్సిపాలు గది బయట బల్లమీద పక్కపక్కన కూర్చున్నాం. అతనూ ఎమ్మేనే, ప్రైవేటుగా కట్టి రెండోసారికి గట్టెక్కాడు. కొత్త చొక్కా మెడ దగ్గర ఒరుసుకుంటుంటే మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. మనిషిని చూస్తే కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. చెమట తుడుచుకుని నావైపు వంగాడు.

"అన్నా, మావయ్య ఆ పోపు గురించి అడుగుతాడంటన్నారు. నాకు ముక్క రాదు. ఏటి సెప్పాల?"

నా ఒళ్ళో నోటుబుక్కు ఉంది. నోటితో చెప్పాలంటే మేనల్లుడికే మేనల్లుళ్ళ సంగతి చెప్పాలి. నాలిక తిరగలేదు. ఆ పుట తీసి పుస్తకమే అతని చేతిలో పెట్టాను. అతను వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, చిన్నపిల్లలు ఎక్కం చదివినట్టు చదువుకున్నాడు. ఇంతలో పిలిచారు. పుస్తకంతోసహా లోపలికి వెళ్ళాడు.

ఐదు నిమిషాలకి లోపల నవ్వులు వినిపించాయి. పెద్ద నవ్వు ప్రెసిడెంటుగారిది, ఆయన రైసుమిల్లు యజమాని, మరల చప్పుడులో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దది. తర్వాత నన్ను పిలిచారు.

మాస్టారు మధ్య కుర్చీలో ఉన్నాడు. ప్రొఫెసరుగారు ఏవో రెండు ప్రశ్నలు వేశారు, చెప్పాను. అప్పుడు మాస్టారు అడిగాడు. "ఆ పోపుగారి పతనానికి కారణాలు చెప్పవయ్యా."

ఆ గొంతు వినగానే నా నోటికి నాలుగు కారణాలూ వరసగా వచ్చాయి. మొదటిది నాలిక చివర ఉంది. తలుపు అవతల ఆ కుర్రాడు కూర్చున్నాడు. ఎదురుగా అతని మేనమామ. ఆ అప్ప ఇచ్చిన మజ్జిగ తాగి ఏడాది ఆ చాపమీద కూర్చున్నవాణ్ణి నేను. ఈ గదిలో ఆ మాట అంటే పెద్దమనుషుల ముందు ఆయన మొహంమీద ఉమ్మినట్టే కదా. మొగమాటం మా ఇంట్లో అన్నంతోపాటు పెట్టి పెంచారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన్ని నొప్పించకుండా ఉంటే ఉద్యోగం ఇస్తాడేమోనని ఒక కక్కుర్తి.

"యుద్ధం అండి" అన్నాను. "పన్నులు అండి. కట్టడాల మీద వ్యామోహం అండి."

"ఇంకా?"

"అంతేనండి."

ఆయన నా మొహంలోకి చూశాడు. అంతా అర్థమైంది ఆయనకి, ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. అర్థమయ్యాక ప్రొఫెసరుగారి వైపు తిరిగి, నేను ఆయన నోట ఎప్పుడూ వినని శుభ్రమైన భాషలో అన్నాడు: "చూశారా అండీ, ముఖ్యమైన కారణమే వదిలేశాడు. మేనల్లుళ్ళు. ఇందాకటి అబ్బాయి అదే ముందు చెప్పాడు. అతను నా మేనల్లుడేనని మీతో ముందే మనవి చేశాను, దాపరికం ఏమీ లేదు. అయినా వెరవకుండా చెప్పాడు. చరిత్ర చెప్పేవాడికి కావలసింది అదే కదండీ."

ప్రొఫెసరుగారు తలూపారు. ఆయనకేం తెలుసు? ప్రెసిడెంటుగారు మళ్ళీ నవ్వారు.

బయటికి వస్తుంటే అటెండరు జాలిపడి నా చెవిలో చెప్పాడు. "ఆర్డరు నిన్ననే టైపయిపోనాది బాబూ. కార్బను నేనే పెట్టినాను." అంటే నేను నాలుగు కారణాలు చెప్పినా నలభై చెప్పినా ఒకటే. అయినా పరీక్ష పెట్టాడు, అయినా సున్నా చుట్టాడు. సున్నా చుట్టడం న్యాయమే అయ్యేలాగ నేను జవాబు చెప్పాను. ఇందులో ఏది ఎక్కువ అసహ్యమో తేల్చుకోలేక పాలరాయి దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వచ్చాడు. నెమ్మదిగా, ఏమీ జరగనట్టు.

"మొగమాటపడ్డావురా. హిస్టరీకి మొగమాటం పనికిరాదు. ఒచ్చే ఏడు ఇంకో పోస్టు అడుగుతాను, సూద్దాం."

ఉత్తరీయం కొసతో ముక్కు తుడుచుకుని ఆ చెయ్యి నా తలమీద పెట్టాడు. నేనేం చేశానో చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. వంగి కాళ్ళకి దండం పెట్టాను. "అలాగే మాస్టారూ" అన్నాను. ఇంటికెళ్ళి నూతి దగ్గర తలమీద నాలుగు బాల్చీలు గుమ్మరించుకున్నాను. పొడుం కంపు పోలేదు.

"మాటమీద నిలబడ్డాడేటి మాస్టారు?" అని నాయిన అడిగాడు.

"నేనే జవాబు సరిగ్గా చెప్పలేదు నాయినా."

"మరయితే ఆయన తప్పేటున్నాది?" అన్నాడు నాయిన. రైలుద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడు కూడా మొదటి గోగుకూర కోసి మాస్టారింటికి పంపాడు. సైకిలు మీద పట్టుకెళ్ళి ఇచ్చింది నేనే. వచ్చే ఏడు పోస్టు రాలేదు. ఆపై ఏడు నేను శృంగవరపుకోటలో హైస్కూలు సోషల్ మాస్టర్ని అయ్యాను. పిల్లలకి రోము గురించి చెప్పాను కానీ ఆ పోపు జోలికి పోలేదు. ముప్పై ఏళ్ళపైన ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు రోతే. పెళ్ళిళ్ళలో ఎదురైతే మాత్రం దండం పెట్టేవాణ్ణి.

ఇక పోయిన ఆదివారం. ఆ మేనల్లుడు కాఫీ తాగి, గుడ్డసంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. నా నోటుబుక్కు. అట్ట ఊడిపోతే వైరు కుట్టు వేయించాడు.

"ఇది నీదన్నా. ఆవేళ తిరిగియ్యడం మరిసిపోనాను. తరవాత ఇయ్యడానికి మొహం సెల్లనేదు. నా సర్వీసంతా ఇదే సదివినాను."

ఆ పుట దానంతటదే తెరుచుకుంది. మొదటి కారణం కింద ఎర్రసిరా గీత. పక్కన మాస్టారి దస్తూరీలో "ముఖ్యం, తప్పక అడుగును" అని ఉంది. మూల గోధుమరంగు వేలిముద్ర. నాకు వెంటనే అడగాలనిపించింది.

"క్లాసులో ఈ మొదటి కారణం చెప్పేవాడివా?"

"ఎందుకు సెప్పనన్నా? పాఠంలో ఉన్నాది కదా. ఏటా సెప్పినాను. మేనల్లుడనీసరికి పిల్లలు బల్లలు కొట్టీవోరు, నన్ను సూసి నవ్వీవోరు. మొదటేడు ఇంటికెల్లి ఏడిసినాను. తరవాత ఆళ్ళతోపాటు నేనూ నవ్వీవోణ్ణి. ఏటి సేస్తాం?"

"మావయ్య ఏమీ అనేవాడు కాదా?"

"ఏటంటాడు? వరండాలో నిలబడి వినీవోడు. పొడుం పీల్సుకుని ఎల్లిపోయీవోడు." నావైపు చూడకుండా అన్నాడు. "మొన్న మంచాన పడ్డాక ఒకపాలి నీ మాటొచ్చినాది. 'నీకు తెలీక సెప్పీసినావు. ఆడు తెలిసీ సెప్పనేకపోయినాడు' అన్నాడు. అంతే. ఇంకేటీ అన్లేదు."

అతను వెళ్ళాక చాలాసేపు ఆ పుస్తకం ముట్టుకోలేదు. మాస్టారు ఆ కారణం బతికినన్నాళ్ళూ చెప్పాడు, చేసింది చేస్తూనే చెప్పాడు. ఆ కుర్రాడు, నేను అన్నేళ్ళూ ఈసడించుకున్న ఆ కుర్రాడు, తన మొహంమీద నవ్వులు పడుతుంటే ఏటా నిలబడి చెప్పాడు. ఆ కాలేజీ గోడల మధ్య దాన్ని నోట్లోనే నొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

రెండు పుటలు అడిగితే ఇన్ని రాశాను. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ దండాలు పెట్టి, మనిషి వెళ్ళి నెల తిరక్కుండా ఇలా కూర్చున్నాను. చెయ్యి ఆగడం లేదు. దిమ్మల మీద పాలరాళ్ళన్నీ ఒక్కొక్కటే పగులుతుంటే హాయిగా కూడా ఉంది. మా మాస్టారు ఏటా చివరి రోజున ఒక ప్రశ్న అడిగేవాడు. ముందు బెంచీలోంచి ఇప్పుడు చెయ్యెత్తుతున్నాను.

ఈళ్ళే మాస్టారూ. ఈళ్ళే ఎక్కువ రోత.